తెలుగు జాతి ఎప్పుడు పుట్టింది? పదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న

నంద్యాల_టీచర్ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారమండీ. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పోయిన వారం పదో తరగతికి యూరప్‌లో జాతీయవాదం పాఠం మొదలుపెట్టాను. ఇటలీ, జర్మనీ ఏకీకరణ, గరిబాల్డీ, బిస్మార్క్ అన్నీ అయ్యాక చివరి బెంచీలో అమ్మాయి లేచింది. "టీచర్, భారత జాతి అంటాం, తెలుగు జాతి అంటాం. మా జేజి (నాయనమ్మ) ఇంటికి ఎవరైనా కొత్తవాళ్ళొస్తే వాళ్ళది ఏ జాతి అని అడుగుతుంది. మూడూ ఒకటేనా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. రేపు చెబుతానన్నాను. ఇవాళ్టికి ఆరు రోజులైంది.

నేను చదివినంతలో రెండు వాదాలు కనిపిస్తున్నాయి. జాతులు అనాదిగా ఉన్నాయి, నిద్రపోతుంటే ఉద్యమాలు వచ్చి లేపాయి అనేది ఒకటి. అసలు జాతులే లేవు, గత రెండు వందల ఏళ్ళలో ఫ్యాక్టరీ, బడి, అచ్చుయంత్రం కలిసి తయారు చేశాయి అనేది రెండోది. మన సంగతి ఎటు పడుతుంది? పదిహేనేళ్ళ పిల్లకి అర్థమయ్యేలా చెప్పాలి. తెలిసినవాళ్ళు సాయం చేయండి.

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 9:40

టీచర్ గారూ, ఇందులో సందేహానికి తావేముందండీ? ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రుల పేరుంది. అశోకుడి పదమూడో శిలాశాసనంలో ఉంది. నన్నయ భారతం మొదలుపెట్టి వెయ్యేళ్ళు కావస్తోంది. రాయలవారు దేశభాషలన్నిటిలో తెలుగే లెస్స అని ఆముక్తమాల్యదలో దేవుడి నోటే చెప్పించారు. ఇంత ఉన్నాక నిన్నమొన్న తయారైందంటే ఎలా? ఆ పిల్లకి గర్వంగా చెప్పండి, మనది రెండు వేల ఏళ్ళ పైబడ్డ జాతి అని.

అచ్చక్షరం | సోమవారం, రాత్రి 11:05

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన ఆధారాలన్నీ నిజమే. వాటి నుంచి మీరు తేల్చిన మాట దగ్గరే నాకు పేచీ. ఒక పేరు పాతదైనంత మాత్రాన ఆ పేరు పెట్టుకున్న జనం తామంతా ఒకటే అనుకున్నారని రుజువవదు.

నన్నయ కాలానిదే నందంపూడి శాసనం చూడండి, 1053 నాటిది. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకి ఊరు దానమిచ్చాడు. ఆయన్ని ఏమని పొగిడారు? సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచికం, ఆంధ్రం అన్నిట్లో కవిశేఖరుడని. అయిదు భాషలొచ్చని చెప్పడమే అక్కడ గొప్ప. రాయలవారి బిరుదుల్లో కన్నడ రాజ్య రమారమణుడనేది ఒకటి. ఆయనకి తెలుగు మీద ప్రేమ ఎంతైనా ఉండొచ్చు, తెలుగువాడు కాబట్టి తెలుగువాళ్ళని ఏలాలన్న ఊహ మాత్రం ఆ కాలంలో లేదు. లీసా మిచెల్ అనే అమెరికన్ ఆచార్యురాలు 2009లో వచ్చిన పుస్తకంలో సరిగ్గా ఈ సంగతే తవ్వారు. ఒకప్పుడు ఏ పనికి ఆ భాష. కావ్యానికొకటి, కచేరీకొకటి, సంతకొకటి, పూజకొకటి. ఒక్కో మనిషికి ఒక్కటే భాష, అది తల్లిలాంటిది అన్న భావం పందొమ్మిదో శతాబ్దంలో బలపడిందని ఆమె వాదన.

మరి అప్పటి మనుషులు తామెవరమనుకున్నారు? నాడు పేరు చెప్పుకునేవారు. వెలనాడు, వేంగినాడు, పాకనాడు, ములికినాడు, పలనాడు. ఇవాళ్టికీ కొన్ని ఇంటిపేర్లలో, శాఖల పేర్లలో ఆ నాళ్ళు మిగిలున్నాయి.

ఇక టీచర్ గారి అసలు ప్రశ్న. పిల్ల చాలా చురుకైంది, నేరుగా మాట దగ్గరకే వెళ్ళింది. మన జాతి అన్న మాటకి మొదటి అర్థం పుట్టుక. జాతి ఎద్దు, జాతి ముత్యం, స్త్రీజాతి అన్నీ అందులోంచి వచ్చినవే. జేజి అడిగే జాతీ అదే. యూరప్ నుంచి కొత్త ఊహ వచ్చినప్పుడు మనవాళ్ళు కొత్త మాట వెతక్కుండా ఉన్న మాటనే దానికి తొడిగారు. హిందీవాళ్ళు అదే ఊహకి రాష్ట్ర్ అన్నారు. మనకేమో రాష్ట్రమంటే అమరావతి, హైదరాబాద్ ఏలేది. ఒకే సంస్కృత పదం గోదావరికి అటు ఒకలా, ఇటు ఒకలా స్థిరపడింది. జాతి అనగానే మనకి రక్తం, పుట్టుక గుర్తుకొస్తాయి కాబట్టి తెలుగు జాతి కూడా పుట్టుకతో వచ్చిందే అనిపిస్తుంది. సగం వాదం ఆ మాటే గెలిచేస్తోంది.

సీమ_బిడ్డ | మంగళవారం, ఉదయం 6:30

రెండు వాదాలూ ఎవరివో పేర్లు చెప్పండన్నా. గ్రూప్స్‌కి చదువుతాండా, అక్కరకొస్తాయి.

అచ్చక్షరం | మంగళవారం, ఉదయం 8:15

తప్పకుండా తమ్ముడూ. పరీక్ష కోసమైనా కథలా గుర్తుపెట్టుకో.

1983లో మూడు పుస్తకాలొచ్చాయి. ఎర్నెస్ట్ గెల్నర్ రాసింది ఒకటి, బెనెడిక్ట్ ఆండర్సన్ రాసింది ఒకటి, ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ కలిసి కూర్చింది ఇంకొకటి. మూడూ జాతులు ఆధునిక కాలపు సరుకే అన్నాయి. ఆ ఏడాది జనవరిలోనే, పుట్టి ఏడాదైనా నిండని పార్టీ ఒకటి తెలుగు జాతి ఆత్మగౌరవం అన్న మాటతో మన రాష్ట్రంలో గద్దెనెక్కింది. పండితులు అక్కడ పుస్తకాల్లో విప్పి చూపిస్తున్నది ఇక్కడ ఊరూరా చైతన్యరథం మీద తిరిగింది.

గెల్నర్ మాట ఇది. వ్యవసాయ సమాజంలో పొలం దున్నేవాడి భాష దొరకి తెలియక్కర్లేదు. పరిశ్రమలొచ్చాక ఎవడు ఏ పనికైనా వెళ్ళాలి, ముఖం తెలియనివాళ్ళతో కాగితం మీద మాట్లాడాలి. దానికి అందరికీ ఒకే రకం చదువు, ఒకే భాష కావాలి. అది పెట్టగలిగేది ప్రభుత్వమే. తన భాష చదువుకీ కొలువుకీ పనికిరాదని తెలిసినవాడు రెండే పనులు చేయగలడు. ఆ పెద్ద భాషలో కలిసిపోవాలి, లేదా తన భాషకొక ప్రభుత్వం తెచ్చుకోవాలి.

ఆండర్సన్ ఇండొనేసియా మీద పని చేసినవాడు. జాతి అంటే ఊహించుకున్న సముదాయం అన్నాడు. మనం జీవితంలో ఎన్నడూ చూడని కోట్లమందిని మనవాళ్ళే అనుకుంటాం. ఆ ఊహకి దారి వేసింది అచ్చు వ్యాపారం. ఒకే పొద్దున ఒకే పేపరు చదివే వేలమంది, అవతలివాళ్ళు కూడా ఇదే చదువుతున్నారని తెలిసి చదవడం.

వీళ్ళకి ఎదురు నిలిచింది గెల్నర్ శిష్యుడే, ఆంథొనీ స్మిత్. ఆధునిక జాతి కొత్తదే కానీ గాలిలోంచి రాలేదు, పాత పేర్లు, పుక్కిటి కథలు, వీరగాథలు, పుణ్యక్షేత్రాలు లేకుండా జాతి కట్టలేరు అన్నాడు. 1995 అక్టోబరులో గురుశిష్యులిద్దరూ వార్విక్ విశ్వవిద్యాలయంలో ఎదురెదురుగా వాదించుకున్నారు. తల్లి కడుపున పుట్టని ఆదాముకి బొడ్డు ఉందా అన్న పాత వేదాంత ప్రశ్న తీసుకుని, జాతులకి బొడ్డు, అంటే పాత చరిత్రతో బంధం, ఉందా అని గెల్నర్ అడిగాడు. కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు, ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు అన్నాడు. బొడ్డు లేనిదానికి ఎస్టోనియాని చూపించాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వాళ్ళకి తమదంటూ పేరు కూడా లేదు, నేల మనుషులం అనుకునేవారు. 1857లో యాన్సెన్ అనే ఆయన పెట్టిన పత్రిక ప్రియమైన ఎస్టోనియా ప్రజలారా అని పిలిచింది. పిలిచాక పలికారు. ఆ వాదన జరిగిన కొద్ది రోజులకే గెల్నర్ పోయాడు.

మన బొడ్డు కృష్ణాతీరం గారు చూపించారు కదా, ఐతరేయం నుంచి నన్నయ దాకా. పిలుపు మాత్రం పత్రికలదే. కృష్ణా పత్రిక 1902లో బందరులో. ఆంధ్రపత్రిక 1908లో ఎక్కడ మొదలైందో తెలుసా? బొంబాయిలో. అమృతాంజనం అమ్మిన డబ్బుతో నాగేశ్వరరావు పంతులు గారు అక్కడి నుంచి వారపత్రిక నడిపారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. తెలుగునేలకి బయట రెండు మహానగరాల్లో కూర్చుని తెలుగువాళ్ళందరినీ ఒకే పాఠకలోకంగా ఊహించారు. ఆండర్సన్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంటుందనుకోను.

పాలమూరోడు | మంగళవారం, మధ్యాహ్నం 1:20

అన్నా, మంచిగ చెప్పినవ్. కని ఈ ముచ్చట కృష్ణ అవతలి ఒడ్డు నుంచే చెప్తున్నరు. మా దిక్కు సంగతి గూడ ఇనుర్రి.

మా తాత బడి సర్టిఫికెట్ ఇంట్ల ఉన్నది, 1941ది. కాయితమంత ఉర్దూల. మా ఇంట్ల ఎవరికీ చదువరాదు, తెలిసిన సాబు తోని చదివిపిచ్చిన. మాదరీ జబాన్ అన్నకాడ తెలంగీ అని రాసి ఉన్నది. నీ భాష తెలుగు అని చెప్పే కాయితమే తెలుగుల లేదు. తాతకు ఉర్దూ మస్తు వచ్చు. తెలుగుల సంతకం పెట్టుడు ఆయన పెద్దగయినంక నేర్చుకున్నడు. వడ్లు అమ్మిన చిట్టీ ఎనకమీద ఆయన పేరు పదిసార్లు రాసి చూసుకున్నది గూడ ఆ సందుగలనే ఉన్నది.

ఇగ 1921 నవంబర్ సంగతి. హైదరాబాద్ల వివేకవర్ధిని థియేటర్ల సంస్కరణ సభ అయితున్నది. అందరు ఉర్దూల, ఇంగ్లీష్ల, మరాఠీల మాట్లాడిన్రు. ఆలంపల్లి వెంకటరామారావు వకీలు లేచి తెలుగుల షురూ చేసిండు. సభల గోల, ఎక్కిరింపు. ఆయన కూసోవలసి వచ్చింది. ఆ రాత్రే మన తెలుగోళ్ళు కొందరు జమయి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నరు. అదే పెరిగి 1930ల జోగిపేటల ఆంధ్ర మహాసభ అయింది, సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షత. తెలంగాణల కవులే లేరని ఎవరో అంటే, ఆయన 1934ల 354 మంది కవులను కూర్చి గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు.

గెల్నర్ సాబు చెప్పింది ఇదే గదా. గడప కాడ అడ్డం తగులుతది, అప్పుడు నేనెవర్ని అని యాదికొస్తది. వేల ఏండ్ల చరిత్ర ఆ రాత్రికి ముందుగూడ ఉండె. కని సంఘం పెట్టింది ఆ రాత్రి తిన్న దెబ్బకే.

కృష్ణాతీరం | మంగళవారం, మధ్యాహ్నం 2:02

పాలమూరు అన్నగారూ, ఆ చిట్టీ సంగతి చదివి కాసేపు అలా ఉండిపోయాను. మా వైపు కూడా అంతేనండీ. మద్రాసు సర్కారు కొలువుల్లో పైచేయి తమిళులదే అయిపోయిందన్న బాధతోనే మావాళ్ళు కదిలారు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మరి రెండు పక్కలా ఒకే దెబ్బ, ఒకే భాష. అంటే ఒకే జాతి అనే కదా తేలుతోంది?

పాలమూరోడు | మంగళవారం, మధ్యాహ్నం 2:45

గాడనే ఉన్నది చిక్కు. దెబ్బ ఒక్కటే అయితే, కొట్టినోళ్ళు ఎవరని గూడ చూడాలె. మద్రాసుల మీకు ఏమయిందో, మీరు వచ్చినంక హైదరాబాద్ల మాకు గదే అయింది. 1952ల ముల్కీ (కొలువులు స్థానికులకే అన్న) లొల్లి, నాన్ ముల్కీ గో బ్యాక్ అని పోరగాండ్లు రోడ్ల మీదికొచ్చిన్రు, కాల్పులయినయ్. 1956 ఫిబ్రవరిల పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నరు. అది సక్కగ నడవకనే 1969 తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఆ తర్వాత 610 జీవో. ప్రతిసారి అదే కొలువు, అదే కోటా, అదే మా మాటను ఎక్కిరిచ్చుడు. సినిమాలల్ల దొంగోనికి, తాగుబోతోనికి మా యాస పెట్టెటోళ్ళు. భాష ఒక్కటయినా మనిషి ఒక్కడు కాలే. 2014 జూన్ 2 అట్ల వచ్చింది.

భాషతోనే జాతి అన్న సిద్ధాంతం మా ఊరికాడ నిలబడది అన్నా.

సీమ_బిడ్డ | మంగళవారం, సాయంత్రం 5:10

మాది పులివెందల పక్కన పల్లె. పేరు సంగతొచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. రాయలసీమ అంటే నా ఒళ్ళు పొంగుతాది. రాయలవారి నాటి నుంచీ ఈ పేరు ఉండాదనుకుంటి శానా కాలం. మా కాలేజీ సారు చెప్పినాడు, ఆ పేరు 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో పెట్టినారని. చిలుకూరి నారాయణరావు గారు సూచించినారంట. టీచరమ్మా, మీ ఊళ్ళోనే! అంతకు ముందు మేము దత్తమండలాలు. 1800లో నిజాం కుంపిణీకి రాసిచ్చేసిన జిల్లాలు. సినిమా పంచుకునేవాళ్ళు ఇప్పటికీ మమ్మల్ని సీడెడ్ అనే అంటారు, అంటే ఇచ్చేసిన సరుకని.

ఆ పేరు మార్చాలనుకున్నోళ్ళ మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. ఇంకొకరు ఇచ్చేసిన నేల అని పిలిపించుకునేదానికంటే రాయలేలిన సీమ అనుకోవడం మేలు కదా. పేరు కొత్తదే. దాని కింద ఉండే కరువు, రాళ్ళనేల పాతవే. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటికే ఆ పేరుతో కోస్తావాళ్ళ ఎదురుగా కూర్చుని నీళ్ళు, రాజధాని అడిగినారు. పేరొచ్చి తొమ్మిదేండ్లు కూడా కాలేదు.

కృష్ణాతీరం | మంగళవారం, రాత్రి 10:30

ఒక్క మాట. మీరంతా తయారైంది, ఊహించింది, పెట్టుకుంది అంటుంటే నాకు మనసు నొచ్చుకుంటోంది. 1952 డిసెంబరు 15 రాత్రి, యాభై ఎనిమిది రోజుల నిరాహార దీక్ష తర్వాత పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో ప్రాణం వదిలారు. మర్నాడు నెల్లూరు రైల్వే స్టేషన్ దగ్గర కాల్పుల్లో నలుగురు పోయారు. మా తాతయ్య అప్పుడు కావలిలో గుమాస్తా. ఆయన జీవితంలో ఏడవడం మా అమ్మ చూసింది ఆ ఒక్క రోజేనట. ఊహ కోసం ప్రాణాలిస్తారా ఎవరైనా?

అచ్చక్షరం | మంగళవారం, రాత్రి 11:48

మీ తాతయ్య గారి కన్నీళ్ళ మీద నాకు అనుమానం లేదండీ. మీరు అడిగిన ప్రశ్నే ఆండర్సన్ కూడా అడిగాడు. ఇంత కొత్త ఊహ కోసం ఇన్ని లక్షలమంది చంపడానికీ, అంతకంటే ఎక్కువగా చావడానికీ ఎందుకు సిద్ధపడ్డారన్నదే ఆ పుస్తకంలో మొదటి పేజీల ప్రశ్న. గెల్నర్ మీద ఆయన ఫిర్యాదు కూడా అదే. తయారైందంటే దొంగసరుకు అన్నట్టు రాస్తావేంటి, ఊహించడం సృష్టించడమే కదా అన్నాడు. ఇల్లు కూడా కట్టినదే. కట్టినదని తెలిసినంత మాత్రాన అందులో పుట్టినవాడికి అది సొంతిల్లు కాకుండా పోదు.

మిరొస్లావ్ హ్రోచ్ అనే చెక్ చరిత్రకారుడు చిన్న జాతుల ఉద్యమాలని మూడు దశలుగా చూశాడు. మొదట కొద్దిమంది పండితులు ప్రేమతో భాషని, చరిత్రని పోగేస్తారు. తర్వాత చదువుకున్న కార్యకర్తలు సభలు పెట్టి ప్రచారం చేస్తారు. చివరికి జనం దిగుతారు. మనకి వేసి చూడండి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. 1910లో ఆంధ్రుల చరిత్రము అచ్చయింది. అది మొదటి దశ. 1913 బాపట్ల రెండోది. 1952 డిసెంబరు మూడోది. నారాయణభట్టు కాలంలో తెలుగు కోసం ఎవరూ ప్రాణం ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరం రాలేదు. మీ తాతయ్య గారి తరానికి వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పడానికే ఈ సిద్ధాంతాలు.

అయితే భాష ఒకటైనా మనిషి ఒకడు కాలేదని పాలమూరోడు గారు చెప్పింది హ్రోచ్ లెక్కలో ఇమడదు, గెల్నర్ లెక్కలో ఇముడుతుంది. నేను ఎక్కువగా గెల్నర్ వైపు మొగ్గడానికి తెలంగాణే కారణం.

కోరంగి_రేవు | బుధవారం, ఉదయం 4:55

నమస్తే. మారిషస్ నుండి రాస్తున్నాను. నా తెలుగు పెద్దయ్యాక నేర్చుకున్న తెలుగు, తప్పులుంటే మన్నించండి. మా ముత్తాతల తాతలు చెరకు తోటల పనికి ఓడ ఎక్కారు. కోరంగి రేవు పేరు మీద ఇక్కడ మమ్మల్ని కోరంగీలు అనేవారు. ఇంట్లో మేము క్రియోల్ మాట్లాడతాం. మా అమ్మకు తెలుగులో వాక్యం రాదు. కానీ రామభజన మొత్తం నోటికి వస్తుంది, అర్థం తెలియకుండా. ఉగాది ఇక్కడ ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ చేస్తాం. జనగణన వస్తే అమ్మ ఆలోచించకుండా తెలుగు అని చెబుతుంది.

పాలమూరు సోదరుడు ఒకే భాష ఉన్నా ఒక్కటి కాలేదన్నారు. మేము భాష పోయినా తెలుగువాళ్ళమే. నాకు స్మిత్ గారి మాట నచ్చింది. పాట, పూజ, పేరు మిగిలితే చాలు, మనిషి దారి మరిచిపోడు.

హోసూరు_మామిడి | బుధవారం, ఉదయం 9:20

మారిషస్ అక్కా, మీ అమ్మ గురించి చదువుతుంటే మా అవ్వ గుర్తొచ్చింది. మాది హోసూరు పక్కన. రాష్ట్రాల మధ్య గీత గీసినప్పుడు మా ఊరు అటు తమిళనాడు వైపు పడింది, మా అవ్వ పుట్టిల్లు ఇటు పడింది. అవ్వకి అది ఎప్పుడూ తెలియదు, బండి కట్టుకుని పండక్కి వెళ్ళొచ్చేది. నేను చిన్నప్పుడు నువ్వు తెలుగా అవ్వా అని అడిగితే మనం మాట్లాడేది ఇదే కదరా, దానికి పేరెందుకు అనింది. సంతలో కన్నడం, తమిళం గూడా అట్లే గడగడా మాట్లాడేది. ఆ అయిదు భాషల నారాయణభట్టు ఎవరో మా అవ్వలాంటోడే అనిపించింది నాకు.

నాకు మాత్రం పేరు కావాల్సి వచ్చింది. 2006లో తమిళం నిర్బంధం చేస్తూ చట్టం వచ్చాక మా తమ్ముడు తెలుగు మీడియం బడిలో ఉన్నాడు. పరీక్ష ఏ భాషలో రాయాలని ఇంట్లో ఒకటే దిగులు. ఆ దిగులుతోనే నేను మొదటిసారి తెలుగు సంఘం మీటింగుకి పోయినాను. అవ్వ, నేను ఒకే ఇంట్లో ఉన్నాం, మధ్యలో జాతి పుట్టింది.

పాలమూరోడు | బుధవారం, ఉదయం 9:41

హోసూరు తమ్మీ, నీ ముచ్చట మా తాత చిట్టీ పక్కన పెట్టుకుంట.

అచ్చక్షరం | బుధవారం, మధ్యాహ్నం 12:30

టీచర్ గారూ, ఒక్కటి మిగిలింది. మీ పాఠంలోనే రెనాన్ ఉంటాడు. 1882లో సోర్బన్ ఉపన్యాసంలో జాతి అంటే రోజూ జరిగే ప్రజాభిప్రాయ సేకరణ అన్నాడు. అది అందరూ చెబుతారు. అదే ఉపన్యాసంలో మరపు గురించి చెప్పింది ఇంకా లోతైనది. కలిసి బతకాలంటే చాలా విషయాలు ఉమ్మడిగా గుర్తుండాలి, చాలా విషయాలు అందరూ మరిచిపోవాలి అన్నాడు.

మనకి మరపు కుదరలేదు. నిజాం ఏలిన హైదరాబాద్ భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబరు 17 తీసుకోండి. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఒకరికి విద్రోహం. 2022లో అదే రోజుని కేంద్రం విమోచన దినమంది, తెలంగాణ రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. ఒకే ఊళ్ళో ఒకే పొద్దున రెండు పేర్లతో జెండా ఎగిరింది. తేదీకి ఏం పేరు పెట్టాలన్న గొడవ తేలనిదే మనం ఎవరమన్నదీ తేలదని నా నమ్మకం. పిల్లలకి ఇది చెప్పొచ్చో లేదో మీ ఇష్టం. నేనైతే చెబుతాను.

నంద్యాల_టీచర్ | శుక్రవారం, రాత్రి 8:50

అందరికీ ఎంతో రుణపడ్డానండీ. ఇవాళ క్లాసు అయింది. సెప్టెంబరు 17 కూడా చెప్పాను.

జాతి అనే మాటకి మన దగ్గర రెండు వయసులున్నాయని చెప్పాను. జేజి అడిగేది పాతది, పుట్టుకని అడుగుతుంది. పాఠంలోది కొత్తది, ఎవరితో కలిసి బతకాలనుకుంటున్నావని అడుగుతుంది. భారత జాతి, తెలుగు జాతి రెండూ రెండో రకమే, ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు అన్నాను. పాలమూరు తాతగారి చిట్టీ సంగతి చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైంది. రాయలసీమ పేరు మన ఊళ్ళోనే పుట్టిందంటే మాత్రం నమ్మలేదు, ఏ వీధిలో టీచర్ అని అడిగారు.

ఆ అమ్మాయి ఒప్పుకుంది గానీ పూర్తిగా కాదు. "పుట్టుక అడిగే మాటనే ఎందుకు వాడారు, వేరే మాట పెట్టుకుని ఉంటే మా జేజి అడిగేది ఆగేదేమో కదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను.

నిన్న వాళ్ళకి ఇంటిపని ఇచ్చాను. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని మీ దేశం ఏది అని అడిగి, వాళ్ళన్న మాట మార్చకుండా రాసుకు రమ్మన్నాను. ముప్పై ఒక్కమంది తెచ్చారు. ఇండియా అన్నవాళ్ళే ఎక్కువ. నలుగురు రాయలసీమ అన్నారు. ఒక తాత కోయిలకుంట్ల తాలూకా అన్నాడు. ఒక అవ్వ, నన్ను ఇచ్చిన దేశమా, నేను పుట్టిన దేశమా అని తిరిగి అడిగిందట. ఆ అవ్వ మనవడు రెండూ రాసుకొచ్చాడు, రెండు ఊర్ల మధ్య దూరం పద్నాలుగు కిలోమీటర్లు.

పాలమూరోడు | శుక్రవారం, రాత్రి 9:03

టీచరమ్మా, ఆ ముప్పై ఒక్క కాయితాలు పారెయ్యకుర్రి. ఫొటోలు తీసి ఈడ పెట్టుర్రి. మా ఊరి బడిల గూడ అడిగిపిస్త.